ఆయన రాకూడని ఒక్క గది

నా ఎడమ చెవి పోయింది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, చివరికైనా బాగవుతుందేమోనని ఎవరూ ఆశగా చదవకుండా. కుడి చెవి మిగిలింది. అది ఎలా మిగిలిందో రాయమన్నారు, రాస్తున్నాను.

రాయమన్నది నవ్య మేడమ్. ఉప్పల్ దగ్గరున్న ఒక ట్రస్టు ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేస్తుంది. నాకన్నా పదేళ్ళు చిన్నది, నన్ను అక్కా అంటుంది. నేను మాత్రం మేడమ్ అనే అంటాను. వాళ్ళ ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సులకూ డాక్టర్లకూ క్లాసు పెడతారట, మొగుడి చేతిలో దెబ్బలు తిని వచ్చినవాళ్ళతో ఎలా మసలుకోవాలని. "మేం జెప్తే సగం మంది ఫోన్లు చూస్కుంట కూసుంటరు అక్కా. మీరు రాసియ్యిండ్రి, నేను చదివి వినిపిస్త" అంది.

నేను నాచారంలో ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో పని చేస్తాను. పేరు రేణుక. ఇంటర్ పాసయ్యాక నేను రాసినవన్నీ బ్యాచ్ నంబర్లే. ఐదు నెలలు ఇవాళ రేపు అంటూ తప్పించుకున్నాను. భయం వల్ల కాదు, విసుగు వల్ల. ఆసుపత్రులంటే విసుగు, కాగితాలంటే విసుగు, జరిగింది మళ్ళీ మొదట్నుంచీ చెప్పాలంటే మరీ విసుగు. ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పానో! ఇదే ఆఖరిసారి అనుకుని కూర్చున్నాను. రాసి పెట్టుకుంటే నాకూ కాస్త కుదురు వస్తుందేమో. రాకపోయినా, ఇకపై ఎవరైనా అడిగితే ఈ కాగితాలు చేతిలో పెట్టొచ్చు.

ఒక షరతు. దెబ్బల గురించి రాయను. చెవి గురించి రాస్తాను, ఆసుపత్రి బెంచీల గురించి రాస్తాను. మిగతాది మీకు అర్థమవుతుంది.

బోనాల నెల

అప్పుడు చిల్కానగర్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన, నేను, ఆరో తరగతి చదివే మా అమ్మాయి సింధు. ఆయన ఒక ఫ్యాక్టరీలో మెషిన్ ఆపరేటర్. తాగడు. బస్తీలో అందరితో నవ్వుతూ మాట్లాడతాడు. ఎవరింట్లో మోటారు చెడిపోయినా పోయి బాగుచేసి వస్తాడు, చాయ్ కూడా తాగకుండా. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, కొట్టేవాడిని మొహం చూసి గుర్తుపట్టేస్తాం అనుకునే నర్సమ్మలు ఈ క్లాసులో ఎవరైనా ఉంటే, పట్టలేరు తల్లీ అని చెప్పడానికి.

ఒక ఆదివారం మధ్యాహ్నం నుంచి ఎడమ చెవిలో మోత మొదలైంది. కుక్కర్ విజిల్ వేసే ముందు సన్నగా ఆవిరి పోయే చప్పుడు ఉంటుంది కదా, అది ఆగకుండా. సోమవారానికి చెవి దిబ్బడ వేసింది. మంగళవారం తల తిరిగి బాత్రూమ్ గోడ పట్టుకుని కూలబడ్డాను. ఆయనే కంగారుపడి బండి మీద కూర్చోబెట్టుకుని మా గల్లీ చివరి డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాడు.

ఆ డాక్టర్ గారు పెద్దాయన. ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉన్నారు. మా బస్తీలో జ్వరాలకే కాదు, అన్నదమ్ముల గొడవలకూ పెళ్ళి సంబంధాలకూ ఆయన దగ్గరికే పోతారు.

"ఏమైందమ్మా?" అని అడిగారు నన్ను.

"ఇయర్ బడ్ పెట్టుకున్నది సార్. వద్దంటే ఇనది" అన్నాడు మా ఆయన.

"ఎన్ని రోజులైంది?"

"మొన్నటి సంది సార్."

"నొప్పి ఉన్నదా?"

"లేదంటున్నది సార్."

నొప్పి ఉంది. చెవి నాది, మోత నాది, జవాబులు ఆయనవి. ఇందులో వింతేమీ లేదు. మా వైపు ఏ క్లినిక్‌లో చూసినా ఇదే పద్ధతి. ఆడమనిషి స్టూలు మీద కూర్చుంటుంది, మగమనిషి పక్కన నిలబడి చెబుతాడు. నిద్ర పడుతుందా అంటే ఆయనే చెబుతాడు, ఆకలవుతుందా అన్నా ఆయనే చెబుతాడు. అడిగే డాక్టర్లు కూడా కాసేపటికి స్టూలు వైపు చూడటం మానేస్తారు. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఇంతే. అది మర్యాద అనుకున్నాను, నన్ను ఎవరూ ఇబ్బంది పెట్టకుండా.

మాత్రలు వేసుకున్నా మోత తగ్గలేదు. పది రోజులకు పొద్దుటి షిఫ్టు దిగి, ఇంటికి పోకుండా నేరుగా డాక్టర్ దగ్గరికి ఒక్కదాన్నే పోయాను. ఆ స్టూలు మీద కూర్చుని మొదటిసారి నా నోటితో చెప్పాను. ఇయర్ బడ్ కాదు సార్ అన్నాను. ఇది మొదటిసారి కాదు అని కూడా అన్నాను. ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నారు. నిజంగా బాధపడ్డారు, అది నటన కాదు.

"నువ్వు ఫికర్ చేయకమ్మా. నేను మాట్లాడ్త" అన్నారు.

నేను వద్దు అనలేకపోయాను. పెద్దవాళ్ళు మాట్లాడతామంటే వద్దనడం మాకు రాదు. ఆయన అప్పటికప్పుడు ఫోన్ చేసి మా ఆయన్ని పిలిపించారు. కుర్చీ వేసి కూర్చోబెట్టారు. భుజం మీద చెయ్యి వేశారు. "చదువుకున్నోనివి, ఆడిబిడ్డ తండ్రివి. గిట్ల చేస్తరా?" అన్నారు. మా ఆయన తల దించుకున్నాడు. "తప్పైంది సార్" అన్నాడు. నిజంగా కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. డాక్టర్ గారు నా వైపు తృప్తిగా చూశారు, అంతా అయిపోయిందన్నట్టు.

ఆ తరువాత రెండు వారాలు నేను డ్యూటీకి పోలేదు. అంతే రాస్తాను.

ఆ తరువాత ఇంట్లో కొత్త నియమం వచ్చింది. డాక్టర్ దగ్గరికి ఆయన లేకుండా పోకూడదు. నా చీటీలు, మాత్రల కవర్లు అన్నీ ఒక ఫైలులో పెట్టి ఆయన బండి డిక్కీలో ఉంచాడు. కొత్త చీటీ వచ్చినప్పుడల్లా ప్రతి అక్షరం కూడబలుక్కుని చదివేవాడు.

వినాయక చవితి దాకా

ఏఎస్ రావు నగర్‌లో చెవి డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాడు. ఏసీ హాలు, మెత్తటి కుర్చీలు. నాలుగుసార్లు పోయాం. లైటు పెట్టి చూసి, చెవి పొరకు చిల్లు పడిందన్నారు. ఎలా పడిందని అడిగారు. ఇయర్ బడ్ అని మా ఆయన. సరే అని రాసుకున్నారు. నాకు ఆ డాక్టర్ మీద కోపం లేదు. బయట ఇంకా ముప్పై మంది కూర్చుని ఉన్నారు.

నన్ను అలసిపోయేలా చేసింది బెంచీలే. తల తిరుగుతుంటే గోడవైపు కూర్చోవాలి, పేరు పిలిస్తే వినాలి. నాకు వినపడేది కాదు. ఆయన మోచేత్తో పొడిచేవాడు. "చెవిటిదైంది" అని పక్కవాళ్ళతో నవ్వుతూ అనేవాడు. వాళ్ళు అయ్యో పాపం అనేవాళ్ళు, ఆయన్ని చూసి.

అంబర్‌పేట్‌లో మా అక్క ఉంది. ఒకసారి తన ఇంటికి పోయినప్పుడు వంటగదిలో కొంచెం చెప్పాను.

"మరిది మంచోడే గదనే! ఎవరింట్ల లేదు? నువ్వు ఎదురు మాట్లాడకు" అంది.

"ఎదురు మాట్లాడ్తలేనక్కా."

"మరి ఎందుకు కొడ్తడు?"

జవాబు ఆయన్ని అడగాలి గానీ నన్నెందుకు అడుగుతారని అప్పుడు తట్టలేదు. అక్క నాకు పప్పు వడ్డించి, తన చెవిలో వేసుకునే ఆయుర్వేద తైలం సీసా ఇచ్చి పంపింది. ప్రేమ లేక కాదు. తనకు చేతనైంది అదే.

ఆయన మంచిగా ఉన్న రోజులు కూడా ఉన్నాయి. నా తల తిరిగినప్పుడు చాయ్ పెట్టి ఇచ్చేవాడు, సింధుకు జడ వేసేవాడు. ఆ రోజుల్లో నాకు ఇంకా నీరసం వచ్చేది. ఎప్పుడూ చెడ్డగా ఉంటే తేల్చుకోవడం తేలికయ్యేది.

దసరా తరువాత

చిల్లు మూసుకోకపోవడంతో ఉప్పల్ దగ్గరి ఆ ట్రస్టు ఆసుపత్రికి రాసిచ్చారు. పొద్దున ఏడింటికి లైనులో నిలబడితే పదకొండింటికి పిలుపు. మొదటి రోజే నా నంబర్ పిలిచినా నేను వినలేదు. మా ఆయన చాయ్‌కి పోయాడు. నా వంతు దాటిపోయింది. ఏం చేయాలో తెలియక నిలబడితే, తుడుపు కర్ర పక్కన పెట్టి ఒక ఆయమ్మ వచ్చింది.

"ఏంది బిడ్డా, ఎవరు లేరా ఎంబడి?"

నేను ఎడమ చెవి చూపించాను. ఆవిడ వెంటనే నా కుడి పక్కకు జరిగింది. లోపలికి పోయి ఏదో చెప్పి వచ్చి, "ఈడనే కూసో. నీ నంబరొస్తే నేనే వచ్చి చెయ్యి వడ్త" అంది. చెప్పినట్టే వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. పేరు యాదమ్మ. ఆమెకు నా గురించి ఏమీ తెలియదు, అడగలేదు కూడా. కానీ ఆ ఆసుపత్రికి మళ్ళీ రావచ్చు అని నాకు అనిపించింది మాత్రం ఆమె వల్లే.

వినికిడి పరీక్ష గది రెండు భాగాలు. బయటి గదిలో మిషను, బల్ల. దాని లోపల అద్దం కిటికీ ఉన్న చిన్న గది, ఫ్రిజ్ తలుపంత మందమైన తలుపు. నేను లోపలికి పోతుంటే మా ఆయన కూడా వెంట వచ్చి మిషను పక్కన నిలబడ్డాడు.

"సార్, మీరు వరండాల కూసోండి" అంది నవ్య మేడమ్.

"పర్వాలేదు మేడమ్. ఆమెకు సరిగ్గ చెప్పుడు రాదు. నేను చెప్త."

"ఆమె చెప్పేదేం లేదు సార్. బటన్ నొక్కుడే. ఇక్కడ ఇంకో మనిషి ఉంటే చప్పుడు మిషన్‌కు ఎక్కుతది, రిపోర్టు తప్పొస్తది. మల్ల మొదట్నుంచి తియ్యాలె."

డాక్టర్లతో వాదించే మనిషి మిషనుతో వాదించలేకపోయాడు. బయటికి పోయాడు. మేడమ్ తలుపు వేసింది. పెళ్ళయినప్పటి నుంచీ, ఆయన వెంట వచ్చాక కూడా ఆయన లేకుండా నేను కూర్చున్న మొదటి గది అది.

చెవులకు పెద్ద హెడ్‌ఫోన్ పెట్టింది. కుడివైపు ఎరుపు, ఎడమవైపు నీలం. చేతికి ఒక బటన్ ఇచ్చి, చప్పుడు వినపడినప్పుడల్లా నొక్కమంది. కుడివైపు చాలాసార్లు నొక్కాను. ఎడమవైపు వచ్చేసరికి ఊరికే కూర్చున్నాను. అద్దంలోంచి మేడమ్ ఏవో మీటలు తిప్పుతోంది, నాకు ఆ మోత తప్ప ఏమీ లేదు. అప్పుడు తెలిసింది ఎంత పోయిందో.

పరీక్ష అయిపోయిందనుకున్నాను. అప్పుడు కుడి చెవిలో మేడమ్ గొంతు వచ్చింది, మెల్లగా.

"అక్కా, తలుపులు రెండూ వేసున్నయి. నా మాట మీ చెవికి తప్ప ఎవరికీ ఇనపడదు. ఇసుంటి చెవితో వచ్చినోళ్ళందర్నీ నేనొక మాట అడుగుత. జవాబు చెప్పాలని లేదు. ఎవరన్న కొడితే తగిలిందా? అవునైతే బటన్ నొక్కుండ్రి, నోటితోని చెప్పక్కర్లే."

బొటనవేలు బటన్ మీదే ఉంది. గల్లీ డాక్టర్ గారి కుర్చీ, మా ఆయన కళ్ళనీళ్ళు, ఆ తరువాతి రెండు వారాలు కళ్ళ ముందు తిరిగాయి. నొక్కలేదు.

మేడమ్ మొహం మారలేదు. నిట్టూర్చలేదు, ఇంకోసారి గుచ్చి అడగలేదు. "మంచిది అక్కా. పొర మూస్కుంటున్నదో లేదో సూడనీకి పదిహేను రోజులకోసారి రావాలె. ఎప్పుడన్న చెప్పాలనిపిస్తే ఈ గది ఇక్కడనే ఉంటది" అంది. తలుపు తీసింది. రిపోర్టులో గీతలు తప్ప ఏమీ రాయలేదు. డిక్కీలోకి పోయే కాగితం అది, దాన్ని ఎవరు చదువుతారో ఆమెకు ఎవరూ చెప్పలేదు. అయినా రాయలేదు.

రెండోసారి పోయినప్పుడు మళ్ళీ అదే ప్రశ్న, అదే గొంతు. నేను బటన్ నొక్కకుండా, అక్కడున్న మైకులోకి ఒక ప్రశ్న అడిగాను.

"నేను చెప్తే మీరు ఎవరికి చెప్తరు మేడమ్?"

"మీరు చెప్పమన్నోళ్ళకే."

"మా ఆయన్ని పిలిచి మాట్లాడరు కద?"

ఇంతకు ముందు ఎవరో అలా చేశారని ఆమెకు అక్కడే తెలిసిపోయిందని తరువాత చెప్పింది. "అస్సలు పిలువ" అంది. నేను అప్పుడు కూడా నొక్కలేదు. ఇలాంటి నిర్ణయం ఆడవాళ్ళు పదిహేను నిమిషాల ఓపీలో తీసుకుంటారని మీరెవరూ అనుకోవద్దు. నాకు నెలన్నర పట్టింది.

ఈలోగా మా ఆయనకు అనుమానం వచ్చింది. "చెవికి ఎన్నిసార్లు టెస్టులు? ఏం తమాషానా?" అని నేరుగా మేడమ్‌నే అడిగాడు.

"పొర మూస్కోకుంటే ఆపరేషన్ సార్. నెల రోజులు ఆమెతోని ఇంటి పని గిట్ల గాదు. రమ్మంటే రాండ్రి, లేకుంటే మీ ఇష్టం" అంది మేడమ్, రిజిస్టర్ లోంచి తల ఎత్తకుండా. మాట అబద్ధం కాదు. చెప్పిన తీరు చూసి నాకు లోపల నవ్వొచ్చింది, చాలా రోజుల తరువాత.

కార్తీకం

కార్తీకంలో ఒక పొద్దున కుడి చెవిలో కూడా మోత మొదలైంది.

ఇంతకు మించి ఆ రోజు గురించి రాయను. రెండు చెవుల్లోనూ ఆవిరి చప్పుడు. సింధు ఎదురుగా నిలబడి ఏదో అంటోంది, పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ఎడమ చెవి పోయినప్పుడు ఒకటి ఉంది కదా అనుకున్నాను. ఇది కూడా పోతే నా బిడ్డ గొంతు ఇక వినను. మొదటిసారి నాకు చావు కంటే ఎక్కువ భయం వేసింది. పని, ఇల్లు, పరువు ఏవీ గుర్తు రాలేదు. ఈ ఒక్క చెవి కాపాడుకోవాలి, అంతే.

అదృష్టం, వారంలోనే రివ్యూ ఉంది. హెడ్‌ఫోన్ పెట్టగానే, మేడమ్ అడగకముందే బటన్ నొక్కాను. నొక్కి వదల్లేదు. ఎంతసేపు పట్టుకున్నానో తెలియదు. అద్దం అవతల ఆమె మిషను మీద బటన్ లైటు వెలుగుతూనే ఉంది.

"చూసిన అక్కా. చూసిన. వేలు తియ్యండ్రి" అంది. మిషనులో గొంతు పెంచినట్టుంది, కుడి చెవికి అందింది.

నేను ఏడవలేదు. అలసిపోయిన మనిషికి ఏడుపు కూడా పనిలాగే అనిపిస్తుంది. ఆమె వరసగా అడిగింది. ఇవాళ ఇంటికి పోతే ప్రాణానికి భయమా? మెడ పట్టుకున్నడా ఎప్పుడన్న? పిల్లను కొడ్తడా? ఒక్కోదానికి తల ఊపాను, అడ్డంగానో నిలువుగానో. ఆఖరున "మీకేం కావాలె అక్కా?" అంది.

ఇన్నేళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. "తెల్వదు మేడమ్" అన్నాను.

"సరే. తెలిసేదాక ఆగుదాం. చెవికి మాత్రం ఇయ్యాల్నే మందు మొదలు పెడ్దాం."

ఆ రోజే అక్కడి చెవి డాక్టరమ్మ వచ్చి చూసింది. నేను చెప్పింది చెప్పినట్టు ఆసుపత్రి రిజిస్టర్‌లో రాసుకుంది, చదివి వినిపించింది. పోలీసులకు చెప్పేది చెప్పనిది నా ఇష్టమే అని, నేను అప్పుడే వద్దన్న సంగతి కూడా రాసుకుంది. నా చేతికి ఇచ్చిన చీటీలో మందుల పేర్లు మాత్రమే ఉన్నాయి. మా ఆయన వరండాలో అది అందుకుని, చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇక్కడ ఒకటి చెప్పాలి. నవ్య మేడమ్ దేవత కాదు. ఆ తరువాతి రివ్యూలో ఉన్నట్టుండి అడిగింది: "మరి ఇన్నేండ్లు ఎందుకున్నరక్కా?" నాకు ఒళ్ళు మండింది. అక్క అడిగినట్టే ఉంది. హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి వచ్చేశాను. తరువాతి రివ్యూకు పోలేదు. యాదమ్మ ఫోన్ చేసింది, మా కంపెనీ భోజనం గంటలో, నేను ముందే చెప్పి పెట్టిన టైముకు. "మేడమ్ గలీజు మాట అన్ననని బాధపడ్తున్నది బిడ్డా. ఒక్కసారి రా" అంది. పోయాను. మేడమ్ తలుపు వేసి, "అది నేను అడగకూడని మాట. మాఫ్ చెయ్యండి అక్కా" అంది. ఈ పేరా దాటేయకుండా చదవండి మేడమ్, క్లాసులో. మంచివాళ్ళు కూడా తప్పు మాట అంటారు. అన్నాక ఏం చేస్తారన్నదే లెక్కకొస్తుంది.

మాఘం

మాకు దారి ఇచ్చింది మా ఆయన విసుగే. వరండాలో గంటలు గంటలు కూర్చోలేక, రెండు మూడు రివ్యూల తరువాత నన్ను గేటు దగ్గర దింపి డ్యూటీకి పోవడం మొదలు పెట్టాడు. అప్పటికి ఆసుపత్రి సోషల్ వర్కర్ కూడా ఆ చిన్న గదిలోకే వచ్చి మాట్లాడేది. ఒక్కో రివ్యూకు ఒక్కో కాగితం తెచ్చాను, సింధు బర్త్ సర్టిఫికెట్, నా ఆధార్, స్కూలు కాగితాలు. అవి మేడమ్ బల్ల సొరుగులో ఉండేవి. ఎప్పుడు వెళ్ళాలన్నది నన్నే చెప్పమన్నారు. రెండుసార్లు రోజు చెప్పి రెండుసార్లూ వెనక్కి తగ్గాను. మొహం మాడ్చుకోలేదు ఎవరూ.

మూడోసారి ఒక బుధవారం, సింధును స్కూలు నుంచి తీసుకుని ఆసుపత్రికి పోయాను. అక్కడి నుంచి సోషల్ వర్కర్ వెంట ఆడవాళ్ళకు నీడనిచ్చే ఒక ఇంటికి పోయాం. ఆటోలో సింధు అడిగింది, "నాన్నకు చెప్పలేదు కదమ్మా?" లేదన్నాను. అది కళ్ళు మూసుకుని నా కుడి భుజం మీద తల పెట్టుకుంది.

తరువాత సుఖం అనుకోకండి. ఆ ఇంట్లో మొదటి వారం నాకు అందరి మీదా కోపమే. నవ్య మేడమ్ మీద కూడా, ఎందుకు అడిగావు అని. నా గిన్నెలు, నా కిటికీ, ఆయన పెట్టే చాయ్ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. కేసు వేశాం. అది నడుస్తూనే ఉంది, వాయిదాల మీద వాయిదాలు. వాళ్ళ తరఫువాళ్ళు ఇయర్ బడ్ అనే అంటున్నారు. మా వైపు ఆ రిజిస్టర్ ఉంది, తేదీల వారీగా మేడమ్ గీసిన గీతలున్నాయి. అక్క ఇప్పుడు ఆదివారాలు వస్తుంది. ఏమీ అనదు. కూరగాయలు తరిగి పెట్టి పోతుంది.

ఎండాకాలం, ఆ తరువాత

ఇప్పుడు నాచారంలో కంపెనీకి దగ్గరగా ఒక గదిలో ఉంటున్నాం. కుడి చెవి మందులతో నిలబడింది. మోత పూర్తిగా పోలేదు గానీ సింధు మాట వినపడుతుంది.

కేసుకు పాత చీటీ నకలు అవసరమై చిల్కానగర్ గల్లీ డాక్టర్ గారి దగ్గరికి పోయాను. నన్ను చూసి సంతోషపడ్డారు.

"ఎట్లున్నవమ్మా? మారిండు కదా మీ ఆయన?"

చెప్పాను. కోపంగా కాదు, కోపానికి ఓపిక లేదు. ఆయన మాట్లాడి పంపాక జరిగిన రెండు వారాలు, డిక్కీలో ఫైలు, కుడి చెవి, అన్నీ వరసగా చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. బయట పేషెంట్లు ఉన్నారు, అయినా తరువాతివాళ్ళను పిలవలేదు.

"నేను మంచికే చేసిన బిడ్డా" అన్నారు.

"తెలుసు సార్."

"మరి నేనేం చెయ్యాల్సుండె?"

"నన్ను అడగాల్సుండె సార్, పిలవాల్నా వద్దా అని."

ఆయన లేచి పాత కాగితాల కట్ట తీశారు. చీటీ వెతికి ఇచ్చారు. నాడు నేను ఒక్కదాన్నే వచ్చి చెప్పిన మాటలు గుర్తున్నంత వరకు కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చారు. నేను గుమ్మం దాటుతుంటే లోపల ఆయన గొంతు వినపడింది, ఎవరి మొగుడితోనో అంటున్నారు: "నువ్వు జర బయట కూసో. ఆమెను చెప్పనీ."

క్లాసుకు ఇంతే చాలేమో. కానీ పోయిన వారం జరిగింది కూడా రాస్తాను, ఎందుకంటే ఇది చూసుకున్నాకే నాకు ఈ కాగితాలు పూర్తి చేయాలనిపించింది.

ఒక పొద్దున సింధు నన్ను భుజం పట్టుకుని గట్టిగా ఊపింది. కళ్ళు తెరిచేసరికి యూనిఫాం వేసుకుని, వంకర టింకరగా జడలు వేసుకుని నిలబడి ఉంది. మొహమంతా భయం.

"ఎంత పిలిచినా లేస్తలేవేందమ్మా! ఏమైందో అనుకున్న!"

అప్పుడు చూసుకున్నాను. నేను కుడివైపు తిరిగి పడుకున్నాను. మంచి చెవి దిండులో ఉంది. అలారం మోగి మోగి ఆగిపోయినట్టుంది. చిల్కానగర్ ఇంట్లో, ఎడమ చెవి పోయినప్పటి నుంచి, ఒక్క రోజు కూడా నేను ఆ వైపు పడుకోలేదు. ఆ చెవి పైకే ఉండాలి. బండి స్టాండు వేసిన చప్పుడు, గేటు తీసిన చప్పుడు, మెట్ల మీద అడుగులు మెల్లగా వస్తున్నాయా వేగంగా వస్తున్నాయా, అన్నీ అదే వినాలి. నేను పడుకున్నా అది పడుకునేది కాదు.

సింధును స్కూలుకు పంపి, నేను డ్యూటీకి చేరేసరికి గంట ఆలస్యం. షిఫ్టు ఇన్‌చార్జి అందరి ముందూ నిలబెట్టి ఏమైందని అడిగాడు.

"నిద్ర పట్టింది సార్" అన్నాను.